కాంటా దొర మనవడి కసరత్తు

ఆ రోజుల్లో మా ఇంటిపేరు చెబితే ఏన్కూరు నుంచి అడవి అంచు దాకా ఎదురొచ్చే బండ్లు పక్కకు తప్పుకునేవని మా నాయనమ్మ చెప్పేది. (నాకు ఊహ తెలిసేసరికి బండ్లు పోయి ఆటోలు వచ్చాయి. అవి ఎవరికీ తప్పుకోవు.) మా ముత్తాతను ఏడూళ్ల దొర అనేవారు. ఆయన పాదం నేలకు తగలడం చూసినవాళ్లు లేరట. మా తాతను కాంటా దొర అనేవారు. చుట్టుపక్కల పండిన వడ్లయినా మిరపకాయలయినా మా వాకిట్లో దూలానికి వేలాడే పెద్ద కాంటా ఎక్కాకే ఊరు దాటాలి. దాన్ని జనం ధర్మకాంటా అని పిలిచేవారని మాకు ఉగ్గుతోపాటు రంగరించి పోశారు. మా నాన్నకు ఏ బిరుదూ రాలేదు. ఆయన హయాంలో పొలాలు ఒక్కొక్కటిగా పోతుంటే బిరుదు ఇచ్చేవాళ్లు కూడా వాటి వెంటే పోయారు. చివరికి నా వంతుకు వానకు కారే ఇల్లు, వాకిట్లో తుప్పుపట్టి వేలాడే తాతగారి కాంటా, మూలన పడి ఉన్న ఆయన ఇనుప తూకం రాళ్లు, ఎవరి ముందూ వంగని నడుము మిగిలాయి. ఈ నడుము విషయంలో నేను చాలా పట్టుదల మనిషిని. బస్సులో చేతిలోని చిల్లర జారి పడితే అందరి ముందూ వంగి ఏరుకునేవాణ్ణి కాదు. దాని మీద కాలు పెట్టి, బస్సు ఖాళీ అయ్యేదాకా కిటికీలోంచి ప్రకృతిని చూస్తూ కూర్చునేవాణ్ణి.

డిగ్రీ అయ్యాక వైరాలో ఒక ఎరువుల దుకాణంలో బిల్లులు రాసే పనికి కుదిరాను. (ఊళ్లో మాత్రం "వైరాలో వ్యాపార వ్యవహారాలు చూస్తున్నా" అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. వ్యాపారం ఎదురుగానే జరిగేది, నేను చూస్తుండేవాణ్ణి.) ఒకనాడు అడవి వైపు నుంచి ఒకావిడ యూరియా కోసం వచ్చింది. హమాలీలు టీకి పోయారు. మర్యాదగా ఉంటుందని నేనే బస్తా మీద చెయ్యి వేశాను. బస్తా కదల్లేదు, నేను కదిలాను. ఆవిడ కాసేపు జాలిగా చూసి, "జరుగు బిడ్డా, నీకేమన్న అయితది" అని నన్ను పక్కకు జరిపి, బస్తాను ఎత్తి భుజాన వేసుకుని చకచకా మెట్లు దిగిపోయింది. ఆ మాట నాకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు. మూడో రోజు దుకాణం పైఅంతస్తులో కొత్తగా తెరిచిన జిమ్ మెట్లెక్కాను.

ఆ జిమ్ నడిపే కుర్రాణ్ణి బజారంతా "ఇంకో సెట్టు" అని పిలిచేది. ఎవరు అలసిపోయి కూలబడినా అతని నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే. అప్పు చేసి కొన్న సామాను, గోడంత అద్దం, తన కండల మీద తనకే ఉన్న అపారమైన ప్రేమ, ఇవీ అతని పెట్టుబడి. నన్ను చూడగానే ముఖం వెలిగింది.

"మీరు కాంటా దొర మనవడు గదా సార్? మాదీ మీ ఊరే. మా తాత మీ పొలమే కౌలుకు చేసిండు."

"గుర్తుంది" అన్నాను, గుర్తులేకపోయినా.

"మంచిది సార్. ముందుగాల ఓ వారం బరువులు ముట్టొద్దు. గిట్ల కూసోవాలె, లేవాలె. గోడకు చేతులు ఆనిచ్చి నూకాలె. గది అయినంక ఖాళీ రాడ్."

"ఖాళీ రాడ్డా?"

"అవ్ సార్. బిళ్లలు లేకుండ ఉత్త రాడ్. ఎవలైనా దాంతోనే మొదలు. పద్ధతి కుదిరినంక బరువు, బరువు కుదిరినంక ఫొటో."

కూర్చుని లేవడమంటే మా బళ్లో ఎక్కాలు రానివాళ్లకు వేసే గుంజీలు. గోడను నెట్టడమేమో కూలిపోయే ఇల్లున్నవాడికి అశుభం. ఇక ఖాళీ రాడ్డు ఎత్తడమంటే ఖాళీ విస్తరి ముందు ఔపోశన పట్టినట్టే. పైగా ఆ అద్దం ముందు, పక్కన చెమటలు కక్కుతున్న బ్యాంకు గుమాస్తా చూస్తుండగా! "మా ఇంట్లో ఖాళీవి ఎత్తే అలవాటు లేదు" అని చెప్పి, రాడ్డుకు రెండు వైపులా కంటికి నదురుగా కనిపించిన బిళ్లలు తగిలించి, ఒక్క ఊపున లేపాను. అది మోకాళ్ల దాకా వచ్చింది. అక్కడ మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. అది కిందికి పోయింది, నా నడుములో ఎక్కడో ఎండుపుల్ల విరిగినట్టు టప్‌మంది. మర్నాడు దుకాణం మెట్లు గోడ పట్టుకుని వెనక్కి తిరిగి దిగాను. ఇదేంటని యజమాని అడిగితే, "మెట్లకు పగుళ్లు వచ్చాయేమో చూస్తున్నా" అన్నాను. ఇంట్లో మరుగుదొడ్డిలో కూర్చున్నాక లేవలేక పెట్టిన కేక మాత్రం దేనిని చూస్తూ పెట్టానో ఎవరికీ చెప్పలేకపోయాను.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. జిమ్‌లో చేరి బలవంతుడు కావడం మామూలు మనుషుల పద్ధతి. ముందు ఇంట్లోనే రహస్యంగా బలవంతుడినై, ఆ తర్వాత జిమ్‌లో చేరాలి. అప్పుడు ఖాళీ రాడ్డు దగ్గర మొదలుపెట్టే అవమానం తప్పుతుంది. సాధన సామగ్రి వాకిట్లోనే ఉంది. పైన కడియాలతో, ముందు వైపు ఇరవై కిలోలని పోతపోసిన అంకెలతో, మా తాతగారి తూకం రాళ్లు. నేను వాటికి పట్టిన తుప్పు తుడుస్తుంటే అమ్మ పరిగెత్తుకొచ్చింది.

"వాటి జోలికి పోకురా. ఆ రాళ్లను గడప దాటించొద్దని మీ తాత మీ నాన్న చేత ఒట్టేయించుకున్నాడు."

"ఎందుకట?"

"ఏమో. ఇంటి లక్ష్మి పోతదన్నాడు."

"లక్ష్మి పోయి చాలా రోజులైంది గదమ్మా. రాళ్లే మిగిలినయి."

రోజూ తెల్లవారుజామున చేతికొక రాయి పట్టుకుని వాకిట్లో పచార్లు మొదలుపెట్టాను. మొదటి వారం రాళ్లు నన్ను పచార్లు చేయించాయి. ఇరవై కిలోలు ఇంత బరువా అని ఆశ్చర్యపోయేవాణ్ణి. అయితే జవాబు కూడా నేనే చెప్పుకునేవాణ్ణి. ఇప్పటి ఇరవైకీ అప్పటి ఇరవైకీ తేడా ఉండదా? అప్పటి నెయ్యి వేరు, అప్పటి మనుషులు వేరు, అప్పటి కిలో వేరు! అలా పూర్వీకుల ఇనుమును మెచ్చుకుంటూ, ఏడుస్తూ, ఎండాకాలం మొదలయ్యేసరికి ఆ రెంటినీ పట్టుకుని వాకిలంతా తిరిగి, భుజాల దాకా కూడా లేపగలిగాను.

ఆ వారమే ఇస్త్రీ చొక్కా వేసుకుని జిమ్‌కు పోయాను. నేరుగా ఇరవై కిలోల డంబెల్స్ దగ్గరికి నడిచి చేతికొకటి అందుకున్నాను. ఇంకో సెట్టు కంగారుగా పరిగెత్తుకొచ్చేలోపు అవి నా భుజాల దగ్గరున్నాయి, ఏదో సొరకాయలు ఎత్తినట్టు. బ్యాంకు గుమాస్తా నోరు తెరిచాడు. మీరైతే అక్కడితో ఆగి, చప్పట్లు అందుకుని ఇంటికి పోయేవారు. నేనూ పోయేవాణ్ణే, కానీ నాలో రెండు గర్వాలు ఉన్నాయి. నా గురించిన గర్వం చిన్నది, తాత గురించిన గర్వం పెద్దది. అదే ముందు నోరు తెరిచింది.

"ఇవి ఇరవై కావు" అన్నాను.

"ఏంది సార్?"

"దొంగ బరువులు. మా ఇంట్లో అసలైన ఇరవై ఉంది. నాకు తెలీదా?"

గదిలో పాట ఆగిపోయింది. అతని ముఖం ఎర్రబడింది. "సార్, గిది నా బతుకు. రాళ్లు దొంగయని బజార్ల పేరొస్తే రేపు ఒక్కడు మెట్లెక్కడు. మీ రాళ్లు పట్టుకరాండ్రి. కింద మీ దుకాణంల కాంటా ఉంది గదా, ఎక్కిద్దాం. నాయి తప్పయితే జిమ్ముకు తాళమేస్తా. మీయి తప్పయితే?"

"మావి తప్పయితే నువ్వేం చెయ్యమంటే అది చేస్తా."

"ఏం లేదు సార్. అందరి ముందట, అద్దం ముందట, ఖాళీ రాడ్."

సంత రోజున ఒక తూకం రాయిని ఆటోలో నా పక్కన సీటు మీదే కూర్చోబెట్టుకుని వైరా తీసుకుపోయాను. (గడప దాటిస్తుంటే అమ్మ కళ్లు మూసుకుంది.) దుకాణం ముందు జనం పోగయ్యారు. యజమాని, హమాలీలు, బ్యాంకు గుమాస్తా, వీళ్లందరికీ ముందు మెట్టు మీద ఇంకో సెట్టు నాయనమ్మ. విత్తనాల కోసం ఊరి నుంచి వచ్చిన ఆ ముసలమ్మ, విషయం తెలిసి, విత్తనాలు మరిచిపోయి, వక్క నములుతూ కూర్చుంది.

ముందు డంబెల్ ఎక్కించారు. ఎర్ర అంకెలు కాసేపు తడబడి సరిగ్గా ఇరవై దగ్గర నిలిచాయి. తర్వాత మా తాతగారి రాయి. అంకెలు ఇరవై దగ్గర ఆగుతాయని చూస్తున్నాను. అవి ఆగకుండా, ఊరు దాటిన ఎక్స్‌ప్రెస్ బస్సులా పోయి పోయి ఇరవై మూడు దాటాక గానీ నిలవలేదు. "మీ కాంటా చెడిపోయింది" అన్నాను యజమానితో. నాకు జీతమిచ్చే ఆ మనిషి కట్టు విప్పని యూరియా బస్తా ఎక్కించాడు. దాని మీద ఎంతని రాసి ఉందో అంతే చూపించింది. ఇంకో సెట్టు మా రాయిని బోర్లించి, అడుగున గట్టిపడిన మట్టిని తాళంచెవితో గీకాడు. అడుగున గిన్నెంత గుంట, దాని నిండా పోసిన సీసం తళతళా మెరిసింది.

"సార్, గిదేంది?"

ఉగ్గుతో పోసినదంతా గొంతుకు అడ్డం పడింది. అప్పుడు మెట్టు మీది నుంచి నవ్వు వినిపించింది. ముసలమ్మ వక్క పక్కకు ఉమ్మి మరీ నవ్వుతోంది.

"గా సీసం సంగతి ఇయ్యాల తెలిసిందా చిన్నదొరా? ఊరందరికీ ఎరికే."

"ఎరికైతే ఎవరూ అడగలేదా?"

"అడిగేదేంది? మీ తాత రాయి అడుగున సీసం పోసిండు, మేం బస్తా అడుగున తడి వడ్లు పోసినం. మిరపకాయలను రాత్రంతా మంచుల పండబెట్టినం. ఆయన ఇంట్ల కూసోని నవ్వుకునేటోడు, మేం ఇంట్ల కూసోని నవ్వుకునేటోళ్లం. లెక్క సరిపాయె. ధర్మకాంటా అని ఊకెనే అన్నమా?"

హమాలీలు బస్తాల మీద పడి నవ్వారు. నేను నిటారుగా నిలబడే ఉన్నాను. అంతకంటే చెయ్యడానికి ఏమీ తోచలేదు. ఇంకో సెట్టు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా, "పోదాం పా సార్. మాట మాటే" అన్నాడు.

పైన అద్దం ముందు ఖాళీ రాడ్డు కింద పెట్టి ఉంది. కింది జనమంతా మెట్లెక్కి గుమ్మంలో గుంపయ్యారు. అతను ఒక కర్ర తెచ్చి నా వీపు మీద నిలువుగా ఆనించాడు. "తల, వీపు, కింద ముడ్డిపూస, మూడూ కర్రను తాకుతనే ఉండాలె సార్. నడుం వంగొద్దు. తుంటి కాడ మడిచి, పిర్రలు ఎనకకు నూకాలె." నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఊపిరి బిగబట్టి తుంటి దగ్గర మడిచాను. కర్ర అంగుళం కూడా కదల్లేదు. రాడ్డు అందుకుని లేచాను. ఇంకో సెట్టు చప్పట్లు కొట్టాడు. "చూడుండ్రి! మీకు నెల రోజులు చెప్పినా రానిది సారుకు ఒక్కపాలికే వచ్చింది. నడుమంటే గది!" బ్యాంకు గుమాస్తా అసూయగా చూశాడు. నడుము వంచకుండానే వంగవచ్చని మా వంశంలో మొట్టమొదట కనుక్కున్నది నేనే.

"వంగిండు! కాంటా దొర మనవడు వంగిండు!" అని గుమ్మంలోంచి ముసలమ్మ కేకేసింది.

"నడుము వంగలేదవ్వా, తుంటి మాత్రమే" అని సరిదిద్దాను.

"ఇంకో సెట్టు సార్" అన్నాడు అతను.

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు, గుంజీల దగ్గర మొదలుపెట్టి, పద్ధతిగా చేశాను. యూరియా బస్తా ఇప్పుడు భుజానికెత్తగలను, కానీ అడవి వైపు నుంచి ఆవిడ మళ్లీ రాలేదు. బస్సులో చిల్లర పడితే పాదాలు ఎడం చేసి, తుంటి మడిచి, వీపు నిటారుగా ఉంచి తీసుకుంటాను. పక్కవాళ్లు నాకేదో నడుం జబ్బనుకుని జాలిగా సీటిస్తారు. కూర్చుంటాను. కిటికీలోంచి చూస్తుంటే, కాలి కింద రూపాయి దాచుకుని ప్రకృతిని చూసిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి భుజం తట్టి "వంగరా, ఏం కాదు" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు.

ఆ ఏడే వానలకు ముందు ఇంటి పైకప్పు మరమ్మతు కోసం పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాం. అతను రాళ్ల మీది అంకెలు చూడకుండా తన కాంటా మీదే తూచి, సీసానికి విడిగా ధర కట్టాడు. తూకం రాళ్లూ, పెద్ద కాంటా, అది వేలాడిన ఇనుప దూలమూ అన్నీ అమ్మేశాం.