మగ్గం ఆగినా లేవని నిద్ర

మగ్గం ఆగింది. మామ కళ్లు తెరవలేదు. నాకు భయం వేసింది అప్పుడే.

మా ఇంట్లో మగ్గం ఆడుతున్నంతసేపూ ఎవరి నిద్రా చెదరదు. ఆగితే మాత్రం అందరికీ మెలకువ వస్తుంది. మామ అయితే కళ్లు మూసుకునే "పోగు తెగిందా?" అని అడిగేవారు. ఆ మధ్యాహ్నం మా ఆయన తెగిన పోగు ముడివేసి, నీళ్లు తాగి వచ్చినా గోడవారగా పడుకున్న మామ కదలలేదు. దగ్గరకు వెళ్లి చూశాను. పెదవులు నల్లబడ్డాయి. ఒక ఊపిరి తీసుకున్నాక రెండోది ఎంతకీ రావడం లేదు.

మా ఆయన డాక్టరు కోసం పరుగెత్తాడు.

మామకు నడుము నొప్పితో మొదలైన నల్లమందు అలవాటు, నా పెళ్లి నాటికే పాతది. చేతులు వణికి నేత సాగక, చివరికి తానే మానతానన్నారు. మానిన మర్నాటి నుంచి కాళ్లు గుంజడం, ముక్కు కారడం, విరేచనాలు, కంటిమీద కునుకు లేకపోవడం. "నల్లమందు దుకాణంకు తోలియ్యిండ్రి, లేకుంటె నన్ను సంపుండ్రి" అని అరిచేవారు. అది చూసి కూడలి దగ్గరి డాక్టరు నిద్రమందు రాసి సీసా ఇచ్చాడు. మేం బతకవచ్చిన ఈ మరాఠీ ఊళ్లో చదువుకున్నదాన్నని నాకే మరాఠీలో చెప్పాడు: ఇది లేకపోతే ఆయన తట్టుకోలేరు, ఇది కడుపులో ఉండగా నల్లమందు పడితే ఊపిరి నిలుస్తుంది. ఆ మాట అత్తకు తెలుగులో చెప్పి, సీసా నా పెట్టెలో పెట్టుకుని పూటపూటకూ నేనే కొలిచి పోస్తున్నాను.

డాక్టరు వచ్చి మామ కనురెప్ప ఎత్తి చూశాడు. కనుపాప ఆవగింజంత ఉంది. నిద్రమందుకు ఇలా కాదు, నల్లమందు ఎవరిచ్చారన్నాడు.

"దేవుని మీద ఆన, అఫూ ముట్టలె" అంది అత్త. "కాళ్లు పట్టుకొని ఏడిస్తె సూడలేక పిలగాండ్ల గోలీలు ఇచ్చిన. ఒక్కటి ఆయనకేం సాలుతదని పిడికెడు ఏసిన."

నూలు కండెలు చుట్టే తల్లులు, పని అయ్యేదాకా పసివాళ్లు తొట్టెలో ఏడవకుండా వేసే గోలీలవి. అత్త మాట నేను మరాఠీలో చెబితే, వాటిలో ఉన్నదీ నల్లమందేనన్నాడు డాక్టరు.

"పిలగాండ్ల మందు గట్లెట్లయితది? నీ పిల్లలు గూడ గదే మింగి పెరిగిన్రు గదనే!" అంది అత్త నాతో. నేను తొట్టె దగ్గరకు వెళ్లి చిన్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

డాక్టరు సూది వేశాడు. నిద్రపోనివ్వకండి అన్నాడు. కూర్చోబెట్టి అరికాళ్లు చరిచాం, ముఖాన నీళ్లు చల్లాం. గిల్లితే కళ్లు తెరిచి, మళ్లీ మూసేస్తున్నారు. మా ఆయన ఏం తోచిందో లేచి మగ్గంలో కూర్చుని, కొత్తగా నేర్చుకునేవాడిలా దెబ్బ తప్పించి కొట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి మామ నొసలు ముడిపడింది.

"ఏందిరా ఆ కొట్టుడు? చీరనా, గోనెసంచా?"

ఆపొద్దని చెయ్యి ఊపాడు డాక్టరు.

"నాకు గింతే వస్తది నాయినా. తప్పెక్కడున్నదో నువ్వే చెప్పు."

"ఇద్దరు పిల్లల తండ్రివైనవు, ఇంకెప్పుడు వస్తదిరా?"

అత్త ఏడుస్తూనే నవ్వింది. సాయంత్రం దాకా మా ఆయన తప్పులు కొడుతూనే ఉన్నాడు, మామ తిడుతూనే ఉన్నారు. ఆ చీర పాడైంది. ఊపిరి మాత్రం దారికి వచ్చింది.

వెళ్తూ డాక్టరు నిద్రమందు సీసా తీసుకుపోయాడు. సీసా మొత్తం ఇంటికి పంపడం పొరపాటేనన్నాడు. ఇకపై అవసరమైతే ఒక్కో మోతాదు తన కళ్లముందే తాగాలి, నల్లమందు కూడా ఒక్కసారిగా కాక తన లెక్క ప్రకారం తగ్గించాలన్నాడు. నేను గోలీలన్నీ మోరీ కాలువలో పోశాను. అత్త అడ్డం రాలేదు. తొట్టెలో చిన్నవాడు ఏడుస్తుంటే కండెలు పక్కనపెట్టి ఎత్తుకుంది.

మర్నాడు పొద్దున చిన్నవాణ్ని చంకనేసుకుని ఐదేళ్ల పెద్దదాన్ని దగ్గర కూర్చోబెట్టుకున్నాను. వాడికి అర్థమయ్యే వయసు కాకపోయినా ఇద్దరికీ చెప్పాను.

"తాతకు పాణం బాగలేదు. కోపం చేస్తడు, ఏడుస్తడు. ఏమడిగినా మీరు ఇయ్యొద్దు, నన్ను పిలువుండ్రి. అవ్వ ఇచ్చినా సరే, ఎవ్వరిచ్చినా సరే, గోలీ మీరు నోట్ల ఏస్కోవద్దు. మగ్గం ఆగినప్పుడు తాత దిక్కు సూడుండ్రి. కండ్లు తెరవకుంటె ఉరికొచ్చి నాకు చెప్పాలె."