నిండు ట్యాంకు మనిషి

పోయిన నెల మా బావ పోయిండు. పొద్దుగాల చాయ తాగి, కప్పు కింద పెట్టి, పేపరు ఒళ్ళె ఉండంగనే కుర్చీల ఒరిగిండు. "ఒకపారి రారా, మీ బావ పలుకుతలేడు" అని అక్క ఫోన్ చేసింది. చిక్కడపల్లిల నా జిరాక్స్ దుకాణం షట్టరు సగం లేపింది సగంలనే ఇడిచిపెట్టి అశోక్‌నగర్‌కు ఉరికిన. అప్పటికే అయిపోయింది.

చుట్టాలకు చెప్పే పని నా మీద పడ్డది. అసలు పరేషాన్ ఆడ మొదలైంది. ఎప్పుడు ఉత్తుత్తి ముచ్చట్లు చెప్పి ఆట పట్టిచ్చే నా మాట ఎవ్వరు నమ్మలే. కాచిగూడల ఉండే మా చిన్నాయిన "పొద్దుపొద్దుగాల నీకు నేనే దొరికిన్నారా?" అని ఫోన్ పెట్టేసిండు. బావతోని నౌకరి చేసిన పెద్దమనిషైతే "మొన్న దసరాకేమో ఆయనకు ఆడపిల్ల పుట్టిందన్నవు, ఇయ్యాలేమో పోయిండంటున్నవు, జర ఏదో ఒకటి ఖాయం చేసుకొని చెప్పు" అని నవ్విండు. ఆఖరుకు ఫోన్ అక్క చేతికిచ్చిన. ఆమె ఏడుపు ఇన్నంకనే ఒక్కొక్కరు ఇంట్ల నుంచి కదిలిండ్రు. బావ బతికుంటె ఈ ముచ్చట ఇని కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్వుతుండె. అందుకనే ముందుగాల ఇదే చెప్పిన. ఏడ్చుకుంట రాస్తే ఆయనకు నచ్చదు.

ఆయన కరెంటాఫీసుల పనిచేసి రిటైరైనోడు. పొట్టి మనిషి, గుండ్రటి పొట్ట, ఇస్త్రీ అంగి. నేను ఇంటర్ తప్పినప్పుడు ఇంట్ల ప్రతి ఒక్కరు నా భవిష్యత్తు మీద ఉపన్యాసం ఇచ్చిండ్రు. బావ ఒక్కడే "ఇప్పుడు ఖాళీగనే ఉన్నవు కదా, ఇటు వచ్చి పానా పట్టుకో" అన్నడు. అప్పుడు పట్టుకున్న పానా మొన్నటిదాక దించలే. చదువు గురించి ఆయన మళ్ళ ఎన్నడు అడగలేదు. నా చదువు మీద ఆయనకున్నంత మర్యాద మా మాస్టర్లకు గూడ లేకుండె.

పానా దేనికంటే, వాళ్ళ ఇంటి ముంగట రేకుల షెడ్డుల ఆయన తండ్రి కొన్న నల్ల కారు ఉండె. ఉండె ఏంది, ఇప్పటికీ ఉన్నది. స్వతంత్రం రాకముందు పుట్టిన బండి. పెళ్ళైనంక మా అక్క ఆ ఇంటికి వచ్చింది దాంట్లనే. ఏడాదికి నాలుగైదుసార్లు బయటికి తీస్తుండె. మిగతా రోజులు అది షెడ్డుల పండుకుంటుండె, బావ దాని పక్కన కూసుంటుండె.

రెండువేల తొమ్మిది ఆఖర్ల తెలంగాణ ఉద్యమం జోరందుకున్నది. మా దిక్కు గల్లీలన్నీ నౌకరి పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్ళు. ఏ పొద్దు బందో, ఏ పొద్దు చౌరస్తాల టైర్లు కాలుతయో తెల్వకపోతుండె. బావ ఉద్యమం దిక్కే గాని, కారు మాత్రం తండ్రిది. భయపడ్డడు. ట్యాంకుల పెట్రోలంత పైపేసి గుంజి స్కూటర్ల పోసుకున్నడు. పెట్రోలు లేకుంటే అగ్గి అంటదని ధీమా. మీద తార్పాలిన్ కప్పి, పరిస్థితి సక్కబడ్డంక చూద్దాం అనుకున్నడు. పరిస్థితి సక్కబడేలోపల రెండు వానకాలాలు దాటినయి.

ఒకనాడు తార్పాలిన్ తీసి, ఇంత పెట్రోలు పోసి స్టార్ట్ చేసిండు. రెండు దగ్గులు దగ్గి పడుకున్నది. బానెట్ లేపితే పెట్రోలు పైపు మీద చిన్న గాజు గిన్నె ఉంటది, చెత్త ఏమన్న ఉంటే అండ్ల దిగాలె. ఆ గిన్నె నిండ ఎర్ర బురద. ట్యాంకు మూత తీసి టార్చి కొట్టిచ్చిండు. లోపట గోడలన్నీ పొరలు పొరలుగ లేసి ఉన్నయి.

నేను ఏదో ఎకసక్కెం ఆడుదామని నోరు తెరిచిన. ఆయన మొఖం చూసి మూసుకున్న.

"తప్పు నాదే" అన్నడు. "ఖాళీ ట్యాంకుల గాలి ఉంటది, గాల్ల తేమ ఉంటది. రాత్రి సల్లబడంగనే లోపట చెమట పడ్తది. ఆ చెమట తోని తుప్పు. అగ్గికి భయపడి నీళ్ళకు అప్పజెప్పిన."

సరిగ్గ అప్పుడే నా మేనల్లుడు, అంటే బావ కొడుకు, షెడ్డు గురించి ఎత్తిండు. వాడు చెడ్డోడు గాదు, లెక్క తెలిసినోడు. "డాడీ, ఎట్లైనా నడుస్తలేదు కదా. అమ్మేద్దాం. షెడ్డు తీసి రెండు రూములేస్తే హాస్టలోళ్ళు కండ్లకద్దుకొని కిరాయికి తీసుకుంటరు" అన్నడు. అక్క ఎటూ మాట్లాడలే. ఆమెకు కారు మీద ప్రేమ లేదు, కోపం గూడ లేదు. సవతి ముసల్దైనంక ఎట్ల చూస్తరో అట్ల చూస్తుండె.

బావ గట్టిగ అరిచే మనిషి గాదు. "నారాయణగూడ చౌరస్తాకు పోయి, నడుమ ఎక్కడ బందుగాకుండ ఇంటికొస్తే?" అని అడిగిండు.

"వస్తే నీ ముందర నేను రూముల మాట ఎత్త. రాకపోతే?"

"రాకపోతే నేనే రేకులిప్పుత."

గంతే ఒప్పందం. ఇగ ఇద్దరం పనిల పడ్డం. ట్యాంకు కిందికి దించి, వేడినీళ్ళల్ల నిమ్మ ఉప్పు కలిపి నిండ పోసి నానబెట్టిండు. అయినా మూలల్ల పెచ్చులు వదలలే. లోపట సన్న గొలుసు ముక్కలేసి కలియబెట్టాలన్నడు. గంత బరువు ఎవరు ఊపాలె? నా దిక్కు చూసిండు, నేను ఆకాశం దిక్కు చూసిన. అప్పుడు లోపటికి పోయి ఒక పాత చీర తెచ్చి, షెడ్డు దూలానికి ఊయల గట్టి, ట్యాంకును అండ్ల పండవెట్టిండు. ఊపితే గలగల మోత. రిటైరైన మనిషి ఇస్త్రీ అంగి ఏసుకొని తుప్పు ట్యాంకును ఊపుతుంటే, పక్క హాస్టల్ పిల్లలు పుస్తకాలు పట్టుకొనే గోడ మీదికెల్లి తొంగి చూసిండ్రు.

మోతకు అక్క బయటికొచ్చింది. "ఎవరిది బారసాల?"

"నీదే అక్కా. నీకు రెండో కొడుకు పుట్టిండు. మొదటోని కంటే నయం, రూములు అడగడు" అన్న.

అక్క నా మాట పట్టించుకోలే, చీరనే చూస్తున్నది. "అది గద్వాల చీర!"

"పాతదనుకున్న" అన్నడు బావ.

"పాతదే. నీ అంతల నువ్వు నాకు కొన్నది అదొక్కటే."

బావ ఊపుడు ఆపలేదు గని, మస్తు నిమ్మళంగ ఊపిండు ఆ తర్వాత.

కడిగినంక సోడా కలిపిన నీళ్ళతోని మళ్ళ కడిగి, తడి ఆరక ముందే కొత్త తుప్పు పట్టొద్దని మేనల్లుడి హెయిర్ డ్రయ్యరు పెట్టి ఆరబెట్టిండు. ఆ డ్రయ్యరుకు ఆ రోజే సార్థకత దొరికింది, ఎందుకంటే వాని తల మీద ఆరబెట్టేటందుకు ఏం మిగలలే. పెట్రోలు గూడ నేరుగ పోయనియ్యడు. సన్న ఇత్తడి జాలి, దాని మీద ధోతి మడత, అండ్లకెల్లి వడగట్టి పోస్తుండె. ఇంట్ల పిల్లలకు పాలు గూడ గంత పట్టింపుగ వడగట్టలేదని అక్క అంటుండె.

ఇంకా అనుమానం తీరక, దారానికి అయస్కాంతం గట్టి ట్యాంకుల ఇడిచి, మెల్లగ గుంజి, చివరకు అంటిన నలుసులు చూస్తుండె. రోజు అదే పని. నేను ఉండబట్టలేక "ఇచ్చట కొర్రమీను దొరుకును" అని పెద్దక్షరాలతోని కొట్టిచ్చి గేటుకు అంటుపెట్టిన. ఆదివారం నిజంగనే ఒకాయన సంచి పట్టుకొని వచ్చిండు. నేను గోడ చాటుకెల్లి చూస్తున్న, బావ ఎట్ల ఆగమైతడోనని. ఆయన తల గూడ తిప్పలే. చేతుల దారం చూపిచ్చి, "ఇప్పుడే గాలం ఏసిన, కూసోండ్రి" అన్నడు. కుర్చీ ఏయించి, చాయ తాగిపిచ్చి, తుప్పు ఎట్ల పడ్తదో మొత్తం చెప్పి పంపిండు. పొయ్యేటప్పుడు ఆయన చేతుల చేప లేదు గాని, తన ఇంటి నీళ్ళ ట్యాంకు గురించి బెంగ ఉన్నది. ఆ తర్వాత బావ నా దిక్కు తిరిగి "బామ్మర్ది, బోర్డుల ధర రాయలేదేంది?" అన్నడు. నన్ను ఓడగొట్టిన మనుషులు ఈ పట్నంల శానా తక్కువ.

ఇగ ట్యాంకు నిండ నింపే కాడ అక్క అడ్డం పడ్డది. "బందుల దినాలల్ల ఇంటి ముంగట బాంబు పెట్టుకుంటవా?"

"నిండ ఉంటే లోపట ఆవిరికి జాగ ఉండదే. భయపడాల్సింది సగం ఖాళీగ ఉన్నదానికే" అన్నడు. అప్పటి సంది మొన్నటిదాక ఆ ట్యాంకు నిండుకోలేదు. బందైనా నింపిండు, వానైనా నింపిండు.

పరీక్ష రోజు వచ్చింది. బావ స్టీరింగు పట్టుకున్నడు, పక్కన అక్క, ఎనక నేను, మా ఎనక బైకు మీద సాక్షిగ మేనల్లుడు. చిక్కడపల్లి దాటేదాక బండి పట్టుబట్ట తీరు పోయింది. నారాయణగూడ చౌరస్తా తిరిగినమో లేదో, దగ్గు. ఇంకో దగ్గు. ఎనక నుంచి నల్ల పొగ. అద్దంల చూస్తే మేనల్లుడి మొఖం అప్పుడే రూములకు సున్నం ఏస్తున్నట్టున్నది. తుప్పు మళ్ళ పైపుల ఇరికిందనే అనుకున్న. అక్క కండ్లు మూసుకున్నది.

బావ మాత్రం ఆక్సిలేటర్ మీద కాలు తియ్యలే. "పెట్రోలు అందక గాదు ఇది. అందకపోతే నల్ల పొగ రాదు. ఎక్కువైతుంది" అన్నడు నిమ్మళంగ. ఒక చేయితోని ముంగట తడిమిండు. గుంజితే పెట్రోలు ఎక్కువ పారే చోక్ గుబ్బ బయటికొచ్చి ఉన్నది. దానికి అక్క కూరగాయల సంచి! దార్ల సిగ్నల్ కాడ కిటికీలకెల్లి బీరకాయలు కొని, ఏలాడదీసెటందుకు కొక్కెం అనుకొని తగిలిచ్చింది. బరువుకు అది మెల్లమెల్లగ ఎల్లుకొచ్చింది. బావ సంచి తీసి ఆమె ఒళ్ళె పెట్టి, గుబ్బ లోపటికి నూకిండు. బండి గొంతు సవరిచ్చుకున్నట్టు చేసి, మళ్ళ పాట ఎత్తుకున్నది.

ఆగకుండ ఇంటికొచ్చినం. గేటు కాడ మేనల్లుడు హెల్మెట్ తీసి అడిగిండు, "డాడీ, చౌరస్తాల ఏమైంది?"

అక్క చూపు నేలకు దిగింది. నేను చెప్పబోయిన, నోరు ఊకుంటదా నాకు? బావ నా కాలు తొక్కిండు. "ఏం గాలే. మీ అమ్మ ఏదో అన్నది, నేనూ కారూ ఇద్దరం నవ్వినం" అన్నడు.

సంచి ముచ్చట ఆయన బతికున్నన్ని రోజులు బయటపెట్టలే. నన్ను పెట్టనియ్యలే. ఒంటరిగ దొరికినప్పుడు అడిగిన, ఎందుకు బావా, గంత మంచి ముచ్చట పాడుచేస్తవు అని. "ట్యాంకుల అడుగున కొంత చెత్త ఎప్పటికీ ఉంటది. గొట్టం జర మీదికెల్లి తీసుకోవాలె, అడుగు గోకొద్దు" అన్నడు. కారు గురించి చెప్తున్నడో, మనుషుల గురించి చెప్తున్నడో నేను అడగలే. నాకర్థమైంది.

ఆ తర్వాత అక్కల మార్పు వచ్చింది. ధోతి మడత ఆమెనే పట్టుకుంటుండె. ఇంటికి ఎవరొచ్చినా, ఆయనకంటే ముందు ఆమెనే బానెట్ లేపి చూపెడుతుండె.

దినాలైపోయిన తెల్లారి మేనల్లుడు మేస్త్రిని తీసుకొచ్చిండు. వాన్ని నేను తప్పుపట్ట. "మామా, మాట ఇచ్చింది డాడీకి, డాడీ లేడు. నెలనెల ట్యాంకు నింపాలె, వడగట్టాలె, ఎవరు చేస్తరు చెప్పు" అన్నడు. చెప్పెటందుకు నేను నోరు తెరుస్తున్న. ఇంతల అక్క ఇంట్లకెల్లి వచ్చింది. మా ఎవరి దిక్కు చూడలే. డ్రైవరు దిక్కు తలుపు తీసి, ఎన్నడు కూసోని సీట్ల కూసుండి, తలుపేసుకున్నది. కిటికీ అద్దం తిప్పి తిప్పి పైదాక ఎక్కిచ్చింది. మేస్త్రి టేపు సగం గుంజి పట్టుకొని నిలబడ్డడు. లోపట అక్క రెండు చేతులు స్టీరింగు మీద పెట్టి, నేరుగ ముంగటికే చూస్తున్నది. పెదవులు కదులుతున్నయి. ఎవరితోనో ముచ్చట పెడుతున్నది. ఒక్కసారి నవ్వింది గూడ. ఏమన్నదో అద్దం దాటి బయటికి రాలే.