బోర్లేసిన గిన్నె

జొన్న ప్యాలాలల్ల పసుపు కలిపి, బెల్లం పాకం పోసి ముద్ద కడితే అది బూందీ లడ్డు అయితదా? కాదు. ఆ సంగతి నన్ను కన్న మా అవ్వకు తెల్వక కాదు. అయినా కలిపింది. ఇంట్ల చక్కెర పలుకు లేకపాయె, రేగోడ్ నుంచి వియ్యపురాలు రాబట్టె, ఇంకేం చేస్తది?

అప్పుడు నా ఒళ్లె మొదటి కొడుకు. పురుడు ఎల్లంగనె వాణ్ణి తొట్లెల వేసేది ఉండె. గని అది రజాకార్ల కాలం. మెదక్‌ల తల్లిగారింట్ల నేను, రేగోడ్‌ల అత్తగారోళ్లు, నడుమ తొవ్వ బందు. పటాలం వచ్చి నిజాం రాజ్యం ఒడిసినంక గని బండ్లు కదలలె. అప్పటికి మావోడు బోర్ల పడుతున్నడు. "ఇంక ఆలస్యం వద్దు, తొట్లెల వేసి కోడల్ని, మనుమణ్ణి తోల్కపోతం" అని మా అత్త కబురు పంపింది.

కబురు విన్న కాడికెళ్లి మా అవ్వ పరేషాన్. నా పెండ్లి సుత ఆ గడబిడలనే అయ్యింది. వాకిట్ల పందిరి వెయ్యనియ్యలె, బాజా కొట్టనియ్యలె, మూడు ముళ్లు వడంగనె నన్ను బండెక్కిచ్చిండ్రు. పెట్టుపోతలు లెవ్వు, పద్ధతులు లెవ్వు. వాళ్లింటి పద్ధతి ఏందో మాకు తెల్వకపాయె, మాది వాళ్లకు తెల్వకపాయె.

"అప్పుడంటే లోకమే అట్లుండె, ఎవ్వరేమనలె. ఇప్పుడేం సాకు చెప్పాలె? పలారం తాంబాళం జర సన్నగ కనవడ్డదంటే, నువ్వు బతికినన్ని రోజులు దెప్పుతరే బిడ్డా" అనుకుంట ఇల్లంత కలె తిరిగింది. ఆమె బాధంత ఒక్కటే. వియ్యపురాలి ముందల ఇజ్జత్ పోవద్దు.

మా నాయిన బండి తోలేటోడు. శంకరంపేట దిక్కు ఊర్లకెళ్లి బెల్లం, చింతపండు మెదక్ అంగడికి తెచ్చేటోడు. ఆ బండిని, ఎడ్లను రజాకార్లు గుంజుకపోయిండ్రు. అటెన్క ఆయన అరుగు మీద కూసుండుడు తప్ప ఏం చెయ్యలె. ఇంట్ల మిగిలింది ఒక కుండ అడుగున ఇంత బెల్లం. ఆ బెల్లంతోనే మా అవ్వ మొగులుకు నిచ్చెన వేసింది.

కుండ పెంకుల ఇసుక కాగవెట్టి గుప్పెడు గుప్పెడు జొన్నలు వేసింది. టపటప పేలినయి. ప్యాలాల గొప్పతనం అదే, పిడికెడు వేస్తే గంపెడు కనవడతయి. పాకంల ఇంత పసుపు వేసి కలిపింది. నేను ముద్ద గట్టిగ ఒత్తిన. నా చేతి మీద ఒక్కటేసింది.

"గట్లనా కట్టేది? గట్టిగ ఒత్తితే రేగ్గాయంత అయితది. మెత్తగ పట్టు, ఉబ్బి కనవడాలె."

"మెత్తగ కడితే నోట్లెకు పోకముందే ఇడిపోతయి కదనే అవ్వా."

"ఇడిపోతె పోనీ! చూసినంక ఇడిపోతయి."

ఇద్దరం నవ్వినం. పకపక నవ్వినం. ఇప్పుడు తలుసుకుంటె ఆ నవ్వుకే నాకు మస్తు సిగ్గనిపిస్తది.

డబ్బల అడుగున ఉన్న పుట్నాలు, నువ్వులు సుత పాకంల కలిపి, కట్టినన్ని కట్టినంక చూస్తే తాంబాళంల సగం సుత రాలె. అవ్వ నడుము మీద చెయ్యి వెట్టుకోని చాన సేపు నిలవడ్డది. ఎన్కకు పోయి పొయ్యి కాడి ఇత్తడి గిన్నె తెచ్చింది. బువ్వ వండే గిన్నె. ఇంట్ల మిగిలిన పెద్ద గిన్నె అదొక్కటే. చింతపండు, బూడిద వెట్టి మెరిసెదాక తోమింది. అడుగున మసి మాత్రం పోలె. ఏండ్ల మసి, యాడ పోతది? దాన్ని తాంబాళం నడుమ బోర్లేసింది. పైన మోదుగాకులు కప్పింది. ఆకుల మీద పాకం చుక్కలు వెట్టుకుంట ముద్దలను అంటిచ్చుడు మొదలువెట్టింది. కింద ప్యాలాల ముద్దలు, వాటి మీద పుట్నాల ముద్దలు, ఇంకా పైన ఒక వరుస నువ్వుల ముద్దలు. అన్నిటికి మీద ఒక చక్కెర పేరు, చక్కెర బిళ్లల దండ, చుట్టింది. కామునిపున్నానికి ఎవరో ఇస్తే డబ్బల దాసింది అది. చీమలు ఒక అంచు తిన్నయి. ఆ అంచును లోపలికి తిప్పింది.

దూరం జరిగి చూసినం. గోపురం లెక్క ఉండె. ముచ్చటగనే ఉండె.

తెల్లారి పొద్దు ఎక్కినంక వాళ్ల బండ్లు దిగినయి. మా అత్త, ఆమె తోటికోడలు, ఇంకా ఆడోళ్లు. మా అత్త ఎత్తు మనిషి, మాట తక్కువ. నాకు ఆమె అంటే భయం. లోపటికి రాంగనె అందరి కండ్లు తాంబాళం మీదనే వడ్డయి.

"అబ్బో! ఈ కరువుల బూందీ లడ్లు యాడికెళ్లి దొరికినయి?" అన్నది తోటికోడలు.

మా అవ్వ కాదనలె, ఔననలె. కూసోండ్రి, కూసోండ్రి అనుకుంట చాపలు వరిచింది. ఆమె మొఖం ఎలిగిపోతుండె. చాన రోజులకు ఆ ఎలుగు చూసిన.

తొట్లెల వేసిండ్రు, పాటలు పాడిండ్రు. మావోడు తాళ్లు వట్టుకోని కేరింతలు కొట్టిండు. ఇగ పలారం పంచాలె. మాదిక్కు చేతితోనే పంచుతరు. అవ్వ కింది వరుసకెళ్లి ఒక ముద్ద మెల్లగ తీసి మా అత్తకు ఇయ్యవోయింది.

మా అత్త తీసుకోలె. కొంగు వరిచి కూసున్నది.

"అట్ల కాదు వదినె. మాదిక్కు అమ్మమ్మ తాంబాళం నాయినమ్మ ఒళ్లె వొంపాలె. ఒక్కటి సుత మిగలద్దు. అప్పుడే పిల్లగాని ఇల్లు నిండుతది."

మా అవ్వ చెయ్యి ఆన్నే ఆగింది. "మొదలు బువ్వ తిందురు లేవుండ్రి వదినె, ఆరిపోతది" అన్నది.

"బువ్వ యాడికి పోతది? వొంపు, వొంపు" అన్నరు అందరు.

"బరువున్నది వదినె, మీ ఒళ్లు నొస్తది..."

"నా మనుమని పలారం నాకు బరువా?"

అవ్వ నా దిక్కు చూసింది. నేనేం చేద్దు? నేల దిక్కు చూసిన. పిల్లగాడు ఏడిస్తే బాగుండు అనుకున్న. దొంగ సచ్చినోడు, నవ్వుతున్నడు.

అవ్వ తాంబాళం లేపింది. వొంపింది. ముద్దలు బొలబొల రాలినయి. వాటెన్క గిన్నె జారి మా అత్త మోకాలికి తగిలి, గచ్చు మీద వడి గల్లున మోగింది. గిరగిర తిరిగి, తిరిగి, నల్లటి అడుగు మీదికి వెట్టి ఆగింది. మోదుగాకు ఒకటి ఇంకా దానికి అతుక్కోనే ఉన్నది.

ఎవరో కిసుక్కున నవ్విండ్రు. కొంగుల చూస్తే ఉన్నయి ఎన్ని? అడుగు సుత కప్పలె. మా అవ్వ ఖాళీ తాంబాళం చేతుల వట్టుకోని అట్లనే నిలవడ్డది. భూమి పలిగితే అండ్లకు పోదును అనిపిచ్చింది నాకు.

మా అత్త వంగి గిన్నె తీసుకున్నది. అడుగు చూసింది. ఆకు పీకేసింది. గిన్నెను ముద్దల నడుమ కొంగుల వెట్టుకోని తలెత్తింది.

"చూస్తిరా? మనుమనికి బువ్వ గిన్నె సుత వెట్టింది మా వదినె. చెప్పకుండ పలారం లోపట దాసి వెట్టింది."

నవ్వినామె నవ్వు ఆపింది. "ఔ, ఔ, ఇత్తడి గిన్నె! ఎంత ముచ్చట!" అన్నరు తలొకరు. మా అవ్వ ఖాళీ తాంబాళం కింద వెట్టింది. "ఔ వదినె, పిల్లగానికే" అన్నది.

పొద్దు వాలకముందే నన్ను, పిల్లగాణ్ణి బండెక్కిచ్చిండ్రు. గిన్నె సుత ఎక్కింది. అవ్వ బండి పట్టె వట్టుకోని నా మొఖం చూడలె, ఆ గిన్నెనే చూసింది. రేపు బువ్వ దేంట్ల వండుతదో నాకు తెలుసు. మట్టికుండల.

మెదక్ పెద్ద చర్చి గోపురం ఎన్కకు పోయినంక మా అత్త గిన్నె తీసి నా పక్కకు వెట్టింది.

"ఇది మీ అవ్వ బువ్వ వండుకునే గిన్నె. మసి చూసిన. ఆన్నే ఇచ్చేస్తే నలుగుర్ల ఆమె ఇజ్జత్ ఏం కావాలె? నువ్వు మల్ల పోయినప్పుడు తీస్కపో. వట్టి గిన్నె పంపద్దు, నింపి పంపుత."

నాకు ఏడుపొచ్చింది. సంబురమో సిగ్గో తెల్వలె. ఇప్పుడైతే తెలుసు, సిగ్గే.

శివరాత్రికి ఏడుపాయల జాతరకు పోయి, ఆన్నుంచి మెదక్ పోయిన. గిన్నె నిండ రవ్వ లడ్లు. అసలైన చక్కెరవి. మా అత్త యాడ యాడ కూడవెట్టిందో. అవ్వ గిన్నె చూసింది. కుండ దించి పక్కకు వెట్టింది. లడ్డు ముట్టలె.

"ఆమెకు ఎరుకైందా, ఇది నేను వండుకునేదని?"

అబద్ధం ఆడుదామనుకున్న. నోరు రాలె. "ఎరుకైంది" అన్న.

అవ్వ పొయ్యి ముందల కూసున్నది.

"నవ్వుతరని భయపడ్డనే బిడ్డా. ఆమె నవ్వకపాయె. నవ్వినా బాగుండు. తిట్టుకోనన్న మరిసిపోదును."

ఆ లడ్లన్నీ వాడకట్టుల పంచింది. గిన్నెల మాత్రం బతికినన్నాళ్లు బువ్వ వండింది. గని మా అత్త వస్తున్నదని కబురు రాంగనె ఆ గిన్నె అటుక మీదికి పోయేది. పక్కింటోళ్ల గిన్నె అడుక్కొచ్చి అండ్ల వండేది. మా అత్త పీట మీద కూసోని ఒకపారి పొయ్యి దిక్కు, ఒకపారి అటుక దిక్కు చూసేది. తలొంచుకోని తినేది.