టైలరమ్మ కుక్క పురుడు

మెడలో టేపు లేకపోతే టైలరమ్మకి ఊపిరాడదు. వీధి చివర మనిషి కనబడితే చాలు, నడుం కొలత ఇక్కణ్ణించే చెప్పేస్తుంది. అంతటి కళ్ళకీ నిండుచూలాలైన సొంత కుక్క నొప్పులు కనబడలేదు! పొద్దున్నించి అది తిండి ముట్టకుండా, వగరుస్తూ, కుట్టిన గౌన్లు లాగి మిషను కింద పోగేస్తోంది. "దొంగమొహమా!" అని మూడుసార్లు బయటికి గెంటి, ఆఖరికి గడియ పెట్టింది.

బయట కుక్కని తడిమొచ్చిన మొగుడు, "జ్వరమేం లేదే, ఒళ్ళు చల్లగానే ఉంది," అన్నాడు.

టైలరమ్మ చేతిలో కత్తెర పడేసి లేచింది. "ఈనేముందు ఒళ్ళు చల్లబడుతుందని కుక్కల డాక్టరు చెప్పాడండీ! అల్లరి కాదది, పిల్లల కోసం పక్కేసుకుంటోంది!"

మెట్టు మీద ముక్కుతున్న కుక్కని ఎత్తుకొచ్చి గౌన్ల మీదే పడుకోబెట్టింది. పిల్ల జారింది. కదల్లేదు. గుడ్డతో రుద్దీ రుద్దీ టైలరమ్మకి చెమటలు ఏరులై పారాక, పిల్ల కీచుమంది.

"కస్టమరు గౌను కోసం వస్తోందే," అన్నాడు మొగుడు.

"రానీండి. బాలింతని లేపి అడిగే గుండె ఉంటే అడగమనండి."