మూడో గది ముందు చిన్న చెంబు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. వర్ధన్నపేట మెయిన్ రోడ్డు మీద మాది ఎరువుల దుకాణం, దాని పైన నాలుగు గదుల లాడ్జి. విత్తన కంపెనీల వాళ్లు, బోరుబండి వాళ్లు, పెళ్లిళ్లకు వచ్చిన చుట్టాలు దిగుతుంటారు. ఇన్నేళ్లలో ఏ గదిలోనూ ఏ దయ్యమూ కనిపించలేదు. కనిపించి ఉంటే ముందు ఆధార్ కార్డు అడిగేదాన్ని.

అలాంటి నేనే ఇది రాస్తున్నాను.

ఈ లాడ్జి మొదలుపెట్టింది మా అత్తమ్మ. ఆమెకొక పద్ధతి ఉండేది. దిగేవాళ్లు వస్తున్నారని ఖాయంగా తెలిశాక, గడప పక్కన మనిషికో చెంబు నీళ్లు పెట్టేది, కాళ్లు కడుక్కోవడానికి. పిల్లలుంటే వాళ్లకు చిన్న ఇత్తడి చెంబు. వాళ్లు లోపలికి వెళ్లాక చెంబు బోర్లించేది. అంటే మనిషి వచ్చేసినట్టు.

"రాని మనిషికి నీళ్లు పెట్టద్దు బిడ్డా" అనేది నాతో. వస్తారో రారో తేలకుండా ఆమె ఒక్కనాడూ చెంబు ముట్టలేదు.

ఆమె పోయాక నేను ఆ పని మానేశాను. ఇప్పుడు గదికి రెండు సీలు బాటిళ్లు ఇస్తున్నాం. చెంబులన్నీ స్టోర్ రూములో ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా కొంగుకే ఉంటుంది.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం కుమార్, సరిత అనే భార్యాభర్తలు తడుచుకుంటూ మెట్లెక్కి వచ్చారు. సరితకు నెలలు నిండుతున్నాయి. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. పొద్దుటి నుంచి లోపల బిడ్డ కదలడం లేదట. ఇక్కడి డాక్టరు వెంటనే హనుమకొండ పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. పోదామంటే ఊరు దాటగానే వాగు రోడ్డెక్కింది. పోలీసులు బండ్లన్నీ ఆపేశారు. వీళ్ల కోసం బయలుదేరిన అంబులెన్సు అవతలి ఒడ్డున నిలబడిపోయింది. నీళ్లు తగ్గేదాకా పడుకోమని మూడో గది ఇచ్చాను.

సరిత ఏడవలేదు. నాకు అందుకే భయమేసింది. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని గోడ వైపు చూస్తోంది.

"అక్కా, జర నువ్వు చెయ్యి పెట్టి చూడు" అంది.

పెట్టాను. నాకేమీ తెలియలేదు. పడుకుందేమోలే అని చెప్పి, వేడి పాలు తెస్తానని బయటపడ్డాను.

పాలు కాచి తిరిగి వచ్చేసరికి మూడో గది గడప పక్కన చిన్న ఇత్తడి చెంబు. నిండా నీళ్లు!

అది మాదే. అంచుకు సొట్ట ఉంది, మా పెద్దోడు చిన్నప్పుడు మెట్ల మీద జారవిడిచినప్పుడు పడింది. పాలగ్లాసు అక్కడే పెట్టి స్టోర్ రూముకు పరుగెత్తాను. పెట్టెకు తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే పెద్ద చెంబులన్నీ ఉన్నాయి, చిన్నది లేదు. వానకు పనిమనిషి రాలేదు. మా ఆయన కింద దుకాణంలో యూరియా బస్తాలు తడవకుండా ఎత్తి పెడుతున్నాడు. కుమార్ రోడ్డు మీద పోలీసుల దగ్గర ఉన్నాడు.

నాకు భయం వేయాలి కదా? వేయలేదు. ఎగిరి గంతేయాలనిపించింది. రాని మనిషికి అత్తమ్మ నీళ్లు పెట్టదు!

ఆగలేకపోయాను. లోపలికి వెళ్లి సరిత చేతులు పట్టుకున్నాను. "నీ బిడ్డ వస్తాంది సరితా! మా అత్తమ్మ నీళ్లు పెట్టింది. ఆమె రానోళ్లకు పెట్టదు!"

సరిత అప్పుడు ఏడ్చింది.

నా కేకకు పైకి వచ్చిన మా ఆయన సంగతంతా విని నన్ను వరండాలోకి లాగాడు. "నీకేమన్న పిచ్చా? రేపు ఏమన్న అయితే ఆ పిల్ల మొహం ఎట్ల చూస్తవ్?"

ఆయన అడిగింది న్యాయమే.

అంతలో కింద నుంచి కుమార్ కేక. "నీళ్లు తగ్గినయ్! బండ్లు వదుల్తాండ్రు!"

అంబులెన్సు వచ్చింది. సరిత గది బయటికి వస్తూ, అంత ఆయాసంలోనూ చెంబుకు కాలు తగలకుండా పక్కకు జరిగింది.

వాళ్లు వెళ్లాక చెంబును నేను ముట్టుకోలేదు. పైకి వచ్చే మెట్ల దగ్గర గ్రిల్ వేసి దుకాణంలో కూర్చున్నాను. ఫోన్ చేయాలంటే భయం, చేయకుండా ఉండాలంటే ఇంకా భయం.

ఇంకా వెలుతురు ఉండగానే, పక్కబట్టలు మారుద్దామని గ్రిల్ తీసి పైకి వెళ్లాను. చెంబు బోర్లించి ఉంది. నేల పొడిగా ఉంది.

"వచ్చేసింది! వచ్చేసింది!" అని మెట్ల మీది నుంచే అరిచాను. మా ఆయన ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. ఆయన చెంబు వైపు చూస్తుండగానే నా ఫోన్ మోగింది.

"ఆడపిల్ల అక్కా! ఆపరేషన్ చేసిండ్రు. ఇద్దరు మంచిగున్నరు. జర ఆగుండ్రి, ఏడుపు వినుండ్రి" అన్నాడు కుమార్.

విన్నాం. ఏం గొంతు అది! మా ఆయన అక్కడే మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు.

ఆ హడావిడిలో నువ్వే తీసి మరిచిపోయి ఉంటావు అంటాడాయన ఇప్పుడు. అయి ఉండొచ్చు. మరి బోర్లించింది ఎవరు? గాలికి పడితే నిండు చెంబు నీళ్లు ఎటు పోయాయి? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

మొన్న పిల్లను చూపించడానికి వచ్చారు. నేనే నీళ్లు పట్టి, మూడో గది గడప పక్కన చిన్న చెంబు పెట్టాను. సరిత ఒళ్లో ఉన్న పిల్ల పాదాలు తడిపాను. కాళ్లు గట్టిగా తన్నింది దొంగపిల్ల.

"ఆ రోజు నిజంగ ఎవరు పెట్టిండ్రక్కా?" అని అడిగింది సరిత.

"తెల్వదు బిడ్డా" అన్నాను.

వాళ్లు గదిలోకి వెళ్లాక చెంబు బోర్లించాను.