ఒక్క మిల్లీమీటరు ఎక్కువ

నా తోడల్లుడంటే నాకు ఏడుపు. ఈ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత మీరు నన్ను పట్టుకునే శ్రమ తప్పుతుంది. మా ఆవిడ అక్కగారి భర్త ఆయన. ఇరవై రెండేళ్ళుగా ఆస్పత్రి అంబులెన్సు నడుపుతున్నాడు. అందరూ ఆయన్ని ‘నిదానం’ అంటారు. ఎవరేం చెప్పినా ‘నిదానంగా చేద్దాంలే’ అనడం ఆయనకి అలవాటు. అన్నం తినడానికి ముప్పావుగంట పడుతుంది. కూరగాయలకని కారు తీస్తే సైకిళ్ళవాళ్ళు గంట కొట్టి మరీ దాటిపోతారు. అలాంటి మనిషి ఏడేళ్ళుగా మా క్లబ్బులో అందరికంటే వేగంగా కారు నడుపుతున్నాడు. ఆ ఏడేళ్ళూ రెండో స్థానం నాది.

మా ఆట పేరు ఆటోక్రాస్. పాత గోదాముల వెనక పెద్ద సిమెంటు మైదానం ఉంది. అందులో నారింజ రంగు కోన్లు పేర్చి వంకరటింకర దారి వేస్తారు. ఒక్కొక్కరే వెళ్ళాలి, గడియారంతో పోటీ. కోను తగిలితే రెండు సెకన్లు జరిమానా. ఒక్కొక్కరికి మూడు పరుగులు, మంచిదే లెక్కలోకి వస్తుంది. ఏడాదికి ఆరు పోటీలు పెడతారు. చివర్లో మొదటివాడి పేరు క్లబ్బు షెడ్డులో చెక్కబోర్డు మీద రాస్తారు. ఏడు వరసల్లోనూ ఆయన పేరే. ఆ బోర్డు కింద కూర్చుని టీ తాగాలంటే నాకు గొంతు దిగదు.

పోనీ ఆయన కారు గొప్పదా అంటే, అదీ లేదు. ఇద్దరివీ ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే వయసు. ఇంజను లాగేదీ ముందు చక్రాలనే, స్టీరింగు తిప్పేదీ వాటినే. పాపం, రెండు పనులూ వాటి నెత్తినే. మలుపులో గట్టిగా వెళ్తే పట్టు జారి కారు ముక్కు బయటికి పోతుంది. దానికి మందు కారు వెనక ఉంటుంది. వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ కింద అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, స్వే బార్ అంటారు. కారు ఒక పక్కకి ఒరగకుండా ఆపుతుంది. వెనక కడ్డీ కాస్త బిగువుదైతే మలుపులో తోక కొంచెం తిరుగుతుంది, ముక్కు దారిలోకొస్తుంది. మరీ బిగువుదైతే తోకే ముందుకొచ్చేస్తుంది. ఆ ‘కాస్త’ ఎంత అన్నదే అసలు విద్య.

నాకు టైర్ల షాపుంది. చక్రాల ఎలైన్‌మెంటు నా వృత్తి. అయినా ఆ విద్య నాకు పట్టుబడలేదు, అంబులెన్సు నడిపేవాడికి పట్టుబడింది! “వెనక పడుకున్నవాళ్ళకి మలుపు వచ్చినట్టే తెలియకూడదు” అంటాడాయన. ఒకసారి నడుం విరిగిన తాపీమేస్త్రీని తీసుకెళ్తుంటే, ఆస్పత్రి గేటు లోపల ఆగాక, “ఇంకా బయల్దేరలేదా?” అని అడిగాడట ఆ మేస్త్రీ. ఈ కథ మా అత్తయ్య నోట నేను ఎన్నిసార్లు విన్నానో! చివర్లో ఆవిడ నావైపు తిరిగి, “నువ్వూ ఉన్నావు నాయనా, నీ బండెక్కితే నా పళ్ళసెట్టు చేతికొస్తుంది” అంటుంది. అందరూ నవ్వుతారు. ఆయన నవ్వడు. “తమ్ముడి చెయ్యి చురుకు అత్తయ్యా” అంటాడు. ఆ మంచితనమే నన్ను కాల్చుకు తింటుంది.

నిరుడు ఆయన వెనక కడ్డీ మార్చే పని మొదలుపెట్టాడు. మూడు కడ్డీలు తెచ్చాడు. ఒక్కోదాన్నీ రెండేసి నెలలు వాడి చూశాడు. ఒకసారికి ఒకటే మార్పు, అదీ చిన్న నోటుపుస్తకంలో రాసుకుని. పెద్దపరీక్షకు చదివే పిల్లాడు కూడా అంత శ్రద్ధగా రాయడు. చివరికి ఒకటి ఉంచేసుకున్నాడు. ఇక ఆయన కారు మలుపు తిరుగుతుంటే చూడాలి, అబ్బ! గీత గీసినట్టు పోయేది. ఏ కడ్డీ వేశారని ఒక్క మాట అడిగితే ఆయన పుస్తకం తెరిచి చేతిలో పెట్టేవాడే. అడగడమా? నేనా? నాలుక కోసుకుంటాను గానీ అడగను.

ఈ ఏడాది ఐదు పోటీలు అయ్యేసరికి, ఎలాగో ఏమో, ఇద్దరి పాయింట్లూ సమానమయ్యాయి. ఆరోదాంట్లో ఎవరు ముందుంటే బోర్డు వాళ్ళది. సరిగ్గా దానికి మూడు వారాల ముందు వాళ్ళింట్లో భోజనానికి పిలిచారు. తిన్నాక ఆయన కునుకు తీశాడు. ఆడవాళ్ళు కబుర్లలో ఉన్నారు. షెడ్డులో ఆయన కారు స్టాండ్ల మీద ఎత్తి ఉంది. కొలిచే వెర్నియరు నా జేబులోనే ఉంది. భోజనానికి ఎవరైనా వెర్నియరు తెచ్చుకుంటారా అని అడక్కండి, నేను తెచ్చుకున్నాను.

కారు కింద దూరి కడ్డీ కొలిచాను. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. ఇంతలో వాకిట్లోంచి మా వదిన గొంతు.

“కారు కింద ఎవరూ?”

“నేనే వదినా. చెప్పు... చెప్పు కిందికి పోయింది.”

“రెండు చెప్పులూ కాళ్ళకే ఉన్నాయి కదయ్యా” అంది ఆవిడ.

ఆ కాళ్ళు లోపలికి ముడుచుకున్నాను.

మర్నాడే ఆర్డరిచ్చాను. ఇరవై నాలుగు కాదు, ఇరవై ఐదు! ఆయనకంటే ఒక్క మిల్లీమీటరు ఎక్కువ. నా మనసంతా ఆ మిల్లీమీటరులోనే ఉంది. బిగించి మురిసిపోతుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

“పులిని చూసి నక్క వాత పెట్టుకుందట. బావని అడిగితే చెప్పడా?”

“నీ బావ దగ్గర నేర్చుకునే ఖర్మ నాకు పట్టలేదు.”

“పట్టకపోతే కారు కింద దూరావెందుకు? అక్క ఫోన్ చేసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది” అని లోపలికి వెళ్ళిపోయింది.

పోటీ రోజు ఎండ ఫెళ్ళున కాసింది. మొదటి పరుగు ఆయనది. ఒక్క కోను కదల్లేదు. నలభై ఒకటి పాయింటు ఎనిమిది సెకన్లు. తర్వాత నేను. రెండో మలుపులో స్టీరింగు తిప్పానో లేదో, కారు తోక నన్ను దాటి ముందుకొచ్చింది. గిర్రున ఒక చుట్టు చుట్టి, తొమ్మిది కోన్లు పడగొట్టి, వచ్చిన దారివైపు మొహం పెట్టి ఆగాను. జనం విరగబడి నవ్వారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, “ఇంటి దారి అటు కాదయ్యా!” అని మైకులో అరిచాడొకడు. రెండో పరుగుకి భయం పట్టుకుంది. ముసలి ఎద్దులా నడిపాను. నలభై మూడు. ఆయన రెండోది నలభై ఒకటి పాయింటు ఏడు. ఇక నాకు మిగిలింది ఒక్కటే.

కారు పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటుంటే ఆయన వచ్చాడు. నిదానంగా వంగాడు. నా కారు వెనక కడ్డీని స్పానరుతో టక్కుమని కొట్టి విన్నాడు.

“గట్టి కడ్డీ వేశావా తమ్ముడూ?”

“ఏం? ఇరవై ఐదు వెయ్యకూడదా?”

“వెయ్యొచ్చు. కానీ నాది గొట్టం. లోపల బోలు. పై కొలత ఇరవై నాలుగే గానీ బిగువు అంతుండదు. నీది దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. తోక నిలుస్తుందా మరి?”

ఆయన కడ్డీ కొలత నాకెలా తెలిసిందని ఆయన అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేది. నేను పైనుంచే కొలిచాను. లోపలేముందో కొలవాలని టైర్ల షాపువాడికి తోచలేదు.

“కడ్డీ చివర రెండు బెజ్జాలున్నాయి చూడు. కడ్డీని చక్రానికి కలిపే లింకు బయటి బెజ్జానికి మార్చు, మెత్తబడుతుంది. టైముంది, నిదానంగా చెయ్యి.”

వద్దని అనాలనిపించింది, ఒట్టు. ఆయన చెప్పినట్టు చేసి గెలిస్తే అది ఆయన గెలుపే. చెయ్యకపోతే ఎనిమిదో వరసలోనూ ఆయన పేరే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పళ్ళు కొరుక్కుంటూ స్పానరు అందుకున్నాను. ఒక పక్క నేను మార్చాను, రెండో పక్క ఆయన మార్చాడు.

మూడో పరుగుకి వరస తిరగేస్తారు, ముందు నేనే. అది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆ కారు నాదేనా అనిపించింది. ఇలా అనుకుంటే అలా తిరిగింది. చివరి మలుపులో తోక పిసరంత జరిగి, ముక్కు ముగింపు గేటువైపు దానంతటదే చూసింది. నలభై ఒకటి పాయింటు ఐదు. నా జన్మలో అంత వేగంగా నడపలేదు.

ఇక ఆయన ఆఖరి పరుగు. ఎప్పటిలా లేదు. టైర్లు కీచుమన్నాయి, ఆయన కారు టైర్లు! గేటు ముందున్న కోనుకి వెనక చక్రం తగిలి అది పల్టీ కొట్టింది. గడియారం నలభై ఒకటి పాయింటు మూడు చూపించింది. దానిమీద రెండు సెకన్లు జరిమానా. బోర్డు నాది.

జనం నా వీపు చరుస్తున్నారు. నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది. ఏడేళ్ళలో ఒక్క కోను ముట్టుకోని మనిషి ఇవాళే, అక్కడే తగిలిస్తాడా? భిక్ష వేశాడన్నమాట! ఉక్రోషంతో వెళ్ళి ఆయన కారు తలుపు లాగాను.

“కావాలనే తగిలించారు కదూ అన్నయ్యా? నిజం చెప్పండి!”

ఆయన ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

“పిచ్చివాడా, ఎవరైనా కావాలని ఓడిపోతారా?” అన్నాడు. గొంతులో ఎప్పుడూ లేని విసురు. “ఆఖరి మలుపులో నీ కారు తిరగడం చూశాను. నాది ఏనాడూ అలా తిరగలేదు. ఆర్నెల్లు రాసుకుని రాసుకుని నేను చేసింది ఒకెత్తు, నువ్వు పావుగంటలో చేసింది ఒకెత్తు. చెప్పిందేమో నేనాయె! కడుపు మండిపోయింది తమ్ముడూ. తొందరపడ్డాను.”

అని నావైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఏడేళ్ళుగా గడ్డం గీసుకునేటప్పుడు రోజూ అద్దంలో చూస్తున్నదే. ఎవరైనా ఒక్కసారి నన్ను అలా చూస్తే చాలు, జన్మ ధన్యమవుతుందనుకునేవాణ్ణి. చూశాడు. నాకు మాత్రం ఆయన్ని అలా చూడటం బాగాలేదు.

“దిగండి అన్నయ్యా, నిదానంగా” అన్నాను, తలుపు పట్టుకుని.