మొగిలయ్య వదిలిన తెలుపు

బోర్డు రాశాక మొగిలయ్య రోడ్డు దాటి, టీకొట్టు ముందు నా పక్కన నిలబడి, కళ్ళు సగం మూసి చూసేవాడు.

"గిట్ల జూస్తే అక్షరాలు పోతయన్నా, మచ్చలే మిగుల్తయి. ఏ మచ్చ ముందుకొస్తదో గదే బోర్డు."

అబిడ్స్ పాతపుస్తకాల్లో దొరికిన ఒక మనస్తత్వశాస్త్రం పుస్తకంలోనూ ఇదే ఉంది: కన్ను మొదట ఆకారాన్ని నేపథ్యం నుంచి విడదీస్తుంది, అర్థం ఆ తర్వాతే. అదే పుస్తకంలో దీనితో తగవుపడే వర్గం ఇంకొకటి ఉంది. కన్ను ఎదుట ఉన్నదాన్ని కాదు, ఇదివరకు చూసినదాన్నే చూస్తుందంటారు వాళ్ళు. మొగిలయ్యను ముంచింది ఆ రెండోవాళ్ళే.

రెండువేల ఒకటో సంవత్సరం. అమీర్‌పేటలో గోడలు కనిపించడం మానేశాయి. ఎటు చూసినా జావా, ఒరాకిల్ కోర్సుల బోర్డులే, పసుపు మీద ఎరుపు, ఎరుపు మీద పసుపు. పంజగుట్టలో ఫ్లెక్స్ మెషిన్ దిగాక మొగిలయ్య కుంచెకు మిగిలింది ఒక్క సూర్యనారాయణ గారి కోచింగ్ సెంటరే. ఆయన తేల్చి చెప్పేశారు.

"ఈ బోర్డు చూసి పిల్లలు మెట్లెక్కి పైకొస్తే మిగతా బ్రాంచిలవీ నీకే. లేదంటే నేనూ ఫ్లెక్సే మొగిలయ్యా."

ఇన్ని రంగుల మధ్య రంగు లేనిదే కంటికి తగులుతుందనుకున్నాడు మొగిలయ్య. పెద్ద రేకంతా తెల్లగా వదిలి, నడుమ నల్లగా ఒరాకిల్ అని ఇంగ్లీషులో రాసి, కింద ఫోన్ నంబరు వేశాడు.

"ఏంటయ్యా, మిగతా చోటు ఎవరికి వదిలావు?"

"చూసేటోళ్ళకు సార్."

టీకొట్టు దగ్గర్నుంచి చూస్తే నిజంగానే బజారంతా వెనక్కి జరిగి, అదొక్కటే ముందుకొచ్చింది.

కానీ ఆ ఏడు అమెరికాలో కంపెనీలు కూలి, ఇక్కడ ఇన్‌స్టిట్యూట్లు మూతపడుతున్నాయి. మూతపడిన ప్రతి మేడకూ ఒక టులెట్ రేకు వేలాడుతోంది: తెలుపు మీద నలుపు, కింద ఫోన్ నంబరు.

పిల్లలు తలెత్తి, "ఇది సుత పాయెరా" అనుకుంటూ పక్క మెట్లెక్కేవారు. చివరికి పైకొచ్చింది హాస్టల్ పెట్టాలని తిరుగుతున్న బుచ్చమ్మ.

"సారూ, జాగ ఖాళీ ఉన్నది గదా, కిరాయెంత?"

సూర్యనారాయణ గారు కిందికి దిగొచ్చారు. "బతికుండగానే టులెట్ కట్టావు కదయ్యా నాకు!"

మొగిలయ్య రోడ్డు దాటి, ఈసారి కళ్ళు పూర్తిగా తెరిచి చూశాడు.

"మచ్చనే చూసిన అన్నా," అన్నాడు నాతో. "ఈ యేడు జనం దేన్ని జూసి భయపడ్తున్నరో చూడలె."

మర్నాడు ఆ రేకు మీద ఫ్లెక్స్ బిగించారు. అయినా దసరా నాటికి సెంటర్ మూతపడింది. మేడ యజమాని హనుమాండ్లు మొగిలయ్యను పిలిపించాడు.

"కొత్త రేకెందుకు? లోపల నీదే ఉన్నది గదా. పేరు, నంబరు మార్చు, సాలు."

ఫ్లెక్స్ విప్పితే తెలుపు చెక్కుచెదరలేదు. మొగిలయ్య టులెట్ అని రాసి, అలవాటుగా రోడ్డు దాటి కళ్ళు సగం మూశాడు.

"ఎట్లా ఉంది?" అన్నాను.

"ఏమున్నదన్నా. గదే మచ్చ."

విప్పిన ఫ్లెక్సును చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంట్లో రేకుల కప్పు కారుతోందట.